ఊట బావి నుంచి నల్లా దాకా

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. రాజుల వంశావళి రాయడానికి మన బడిలో చదివిన సాంఘిక శాస్త్రం పండితులు చాలామంది ఉన్నారు. నేను చదివింది సివిల్ ఇంజినీరింగ్, ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నది నీళ్ల పని. అందుకని తరిగొప్పుల చుట్టుపక్కల ఊళ్లు ఇన్ని వందల ఏళ్లు ఏ నీళ్లు తాగి బతికాయో, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవో, ఎందుకు ఆగిపోయాయో, మళ్లీ రప్పించడానికి ఏం జరిగిందో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే ఒక కారణం ఉంది. ఇంటింటికీ నల్లా వచ్చాక పాత బావులు అడ్డంగా కనిపిస్తున్నాయి. పూడ్చి ఆ జాగాలో ఏదో ఒకటి కడదామనే మాట చాలా ఊళ్లలో నడుస్తోంది. కొన్నిచోట్ల మాట దాటి ట్రాక్టర్లు మట్టి కూడా పోశాయి. బావిని పూడ్చడానికి ఒక రోజు చాలు. అది ఎందుకు అక్కడే తవ్వారో తెలుసుకోవడానికి మాత్రం కొంత వెనక్కి పోవాలి.

ముందు నేల సంగతి. జనగామ నుంచి నర్మెట దాటి మన వైపు వస్తుంటే కనిపించేవి బండరాళ్ల గుట్టలు, ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు. అడుగున అంతా గ్రానైటు రాయి, కోట్ల ఏళ్ల నాటిది. మంచు కరిగి పారే నది మనకు లేదు. పెద్ద నది కూడా దగ్గరలో లేదు. ఆలేరు వాగు పోయి మూసీలో కలుస్తుంది, ఆకేరు పోయి మున్నేరులో కలుస్తుంది. వానాకాలంలో నాలుగు రోజులు పొంగి, దసరా తర్వాత సన్నబడి, సంక్రాంతికి ఇసుక తేలే వాగులు మనవి. గ్రానైటు ముద్దలో నీరు నిలవదు. అయితే ఆ రాయి పైభాగం ఎండకూ వానకూ చివికి చివికి మొరంగా మారింది. చాలాచోట్ల ఈ మొరం పొర మందం పది మీటర్ల నుంచి ఇరవై మీటర్ల దాకా ఉంటుంది. మన పూర్వీకులకు దొరికిన నీటి తొట్టి ఇదే. వాన నీరు ఈ పొరలోకి ఇంకి, కింద గట్టి బండ తగిలి, వాలు ఎటు ఉంటే అటు మెల్లగా జరుగుతుంది. పల్లం వచ్చిన చోట, లేదా రాతి పగులు అడ్డం వచ్చిన చోట పైకి తేలుతుంది. దాన్నే ఊట అంటున్నాం.

ఊటకు మన వైపు ఎన్ని మాటలున్నాయో చూడండి. బావి తవ్వుతుంటే జల పడింది అంటాం. చెరువు కట్ట కింద పొలం ఎప్పుడూ తడిగా ఉంటే జాలు పట్టింది అంటాం. ఎండిన వాగులో ఇసుక తోడి చేసిన గుంతలో నీళ్లు ఊరితే చెలిమె. పది మెతుకులు తినే వాడికి అన్నం గురించి ఎన్ని మాటలో, నీటి కొరత ఉన్న వాడికి నీటి గురించి అన్ని మాటలు.

వీటిలో నాకు ఇంజినీరుగా బాగా నచ్చేది ఊటకాలువ. కాకతీయుల నాటి శాసనాల్లోనే కాలువల ప్రస్తావనలు కనిపిస్తాయి. వాగుకు ఆనకట్ట కట్టకుండా, పంపు పెట్టకుండా పొలానికి నీరు తెచ్చే ఉపాయం ఇది. వాగు పైన ఇసుక ఎండిపోయి కనిపించినా అడుగున నీరు జరుగుతూనే ఉంటుంది. ఎగువన ఇసుకలో లోతుగా కాలువ తవ్వుతారు. ఆ కాలువకు వాగు కంటే తక్కువ వాలు పెడతారు. వాగు ప్రతి 200 మీటర్లకు ఒక మీటరు దిగుతోందనుకోండి, కాలువను 1000 మీటర్లకు ఒక మీటరే దింపితే, అర కిలోమీటరు పోయేసరికి కాలువలో నీరు వాగు అడుగు కంటే రెండు మీటర్లు పైన ఉంటుంది. అక్కడి నుంచి పక్క పొలంలోకి తిప్పుకోవడమే. లెవెల్ మిషన్ లేని రోజుల్లో ఈ వాలును ఎలా పట్టారు అంటే, నీళ్లు పోసి చూసుకుంటూ తవ్వారు. నీటి కంటే నిఖార్సయిన లెవెల్ మిషన్ ఈ రోజుకీ లేదు.

ఇదే సూత్రం మీద ఇరాన్‌లో కనాత్‌లు, మనకు దగ్గరలో బీదర్‌లో కరేజ్‌లు నడిచాయి. బీదర్ పక్కన నౌబాద్ దగ్గర బహమనీల కాలంలో, పదిహేనో శతాబ్దంలో, భూమి లోపల సొరంగం తవ్వి, పైనుంచి గాలికీ మట్టి తీయడానికీ వరుసగా బావుల్లాంటి రంధ్రాలు పెట్టి, ఊట నీటిని ఊరి దాకా తెచ్చారు. శతాబ్దాల తరబడి పూడిపోయి మరుగున పడిన ఆ సొరంగాన్ని గత పదిహేనేళ్లలో వెతికి, మట్టి తీసి, మళ్లీ నీరు కనిపించేలా చేశారు. 1956 దాకా బీదర్, మనం ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న సంగతి గుర్తు చేస్తే పిల్లలు ఆశ్చర్యపోతున్నారు.

సరే, మన ఊట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. గట్టు మీద పడ్డ వాన ఒక్కటే అయితే అది ఫాల్గుణం దాకా కూడా నిలవదు. నిలిపింది చెరువులు.

కాకతీయుల చెరువులంటే మనకు వెంటనే పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం గుర్తుకొస్తాయి. మన మహబూబాబాద్ మిత్రులకు బయ్యారం చెరువు తెలుసు. గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించింది. ఆ కట్ట మీది శాసనం కాకతీయుల వంశ చరిత్ర రాసేవాళ్లకు ముఖ్య ఆధారం. అంటే మనం చదువుకున్న కాకతీయుల పాఠంలో కొంత భాగం చెరువు కట్ట మీది రాయి చెప్పిందే. పాకాల చెరువును 1213 ప్రాంతంలో గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి కట్టించాడు. అదే 1213లో పాలంపేటలో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి శాసనం వేయించాడు. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది గుడికి. ఆ గుడిని పోషించిన చెరువు ఇంకా పొలాలకు నీళ్లిస్తోంది, దానికి టికెట్టు లేదు.

కానీ పెద్ద చెరువుల మాటున మనం మర్చిపోయేవి చిన్న కుంటలు. పెద్ద చెరువులు కావాలంటే రెండు గుట్టల మధ్య ఇరుకు, వెనక విశాలమైన పల్లం దొరకాలి. జనగామ వైపు అలాంటి చోట్లు తక్కువ. ఇక్కడ చేసింది గొలుసుకట్టు. ఎగువ కుంట నిండి మత్తడి దుంకితే ఆ నీరు కింది కుంటకు, అది నిండితే దాని కింది చెరువుకు. పైకి కనిపించే గొలుసు ఇది. కనిపించని గొలుసు ఇంకొకటి ఉంది. ఎగువ కుంటలో ఇంకిన నీరు భూమి లోపల జరిగి కింది ఊరి బావిలో ఊటగా తేలుతుంది. నా చిన్నతనంలో ఒక నీరటి తాత ఉండేవాడు. చెరువులో నీళ్లు కట్ట మీద నిలబడి చూస్తే తెలియవు, కట్ట కింది బావిలోకి తొంగి చూస్తే తెలుస్తాయి అనేవాడు. తర్వాత కాలేజీలో భూగర్భ జలాల పాఠంలో చెప్పింది కూడా అంతే, కాకపోతే సమీకరణంతో చెప్పారు.

చెరువు ఎలా కట్టాలో శాస్త్రం కూడా ఉండేది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చదివితే ఇప్పటి డీపీఆర్ చదివినట్టే ఉంటుంది. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క రాశారు. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు చెప్పి, తర్వాత ఆరు దోషాలు చెప్పారు. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువ ఆయకట్టు ఎక్కువ కావడం వంటివి. పొలిమేర దోషం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆరున్నర శతాబ్దాల కిందటే అంతర్రాష్ట్ర జల వివాదం వాళ్లకు తెలిసిపోయింది.

కట్టడం ఒక ఎత్తు, నిలపడం ఇంకో ఎత్తు. చెరువు కట్టిన వాడికి, బాగు చేసిన వాడికి ఆయకట్టులో పదో వంతు మాన్యం ఇచ్చే పద్ధతి ఉండేది. దాన్ని దశబంధం అన్నారు. తూము ఎత్తి దించేందుకు, ఎవరి మడికి ఎంతసేపు నీరో చూసేందుకు నీరటి ఉండేవాడు. అతని జీతం కల్లంలో వడ్ల మేర. ఏటా ఎండకాలంలో ఊరంతా కలిసి పూడిక మట్టి తీసి చెలకల్లో తోలుకునేవాళ్లు. ఆ ఒండ్రుమట్టి ఎరువు, తీసిన చోటు నీటికి జాగా. నైజాం కాలంలో కొంత వరకు ఇది నడిచింది. దొరల గడీల పెత్తనంలో వెట్టి చాకిరీగా కూడా నడిచింది, అది దాచి చెప్పకూడదు. అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలోనే, కడవెండిలో, 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడింది. ఆ పోరాటంలో భూమి గురించి ఎక్కువ రాశారు. చెరువు కింది తరి భూమి ఎవరి చేతిలో ఉంది, తూము ఎవరి మాట వింటుంది అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది.

ఇప్పుడు బావుల దగ్గరికి వస్తాను.

పాత బావులు మూడు రకాలు. పొలంలో మోట కొట్టే బావి, వాడలో గిలక వేసి చేదే బావి, మెట్లు దిగి కడవ ముంచుకునే దిగుడు బావి. మూడింటికీ తల్లి ఊటే. చోటు చూడండి, తొంభై పాళ్లు చెరువు కట్ట కిందో, వాగు పక్కనో, గుట్ట అంచునో ఉంటాయి. ఎండకాలంలో బావిలో నీరు తగ్గితే ఊట కన్ను కనిపించేది. రాతి సందులోంచి సన్నగా దారం లాగా కారే నీరు. పిల్లలను నడుముకు తాడు కట్టి దించి, ఆ కన్ను దగ్గరి బురద తీయించేవాళ్లు. మా వయసు వాళ్లలో ఆ పని చేసినవాళ్లు ఈ సంచిక చదువుతూ నవ్వుకుంటారని తెలుసు.

అయితే పాతదంతా బంగారం అనుకోవద్దు. దిగుడు బావి నీటితో నారికురుపు వచ్చేది. పుండు ఉన్న మనిషి కాలు నీళ్లలో పెడితే అందులోంచి పురుగు పిల్లలు బావిలో పడేవి. వాటిని నీటి ఈగల్లాంటి చిన్న జీవులు మింగేవి. ఆ నీరు వడకట్టకుండా తాగిన వాళ్ల ఒంట్లో ఏడాదికి పొడుగాటి పురుగు తయారై, కాలి మీద పొక్కు చేసి బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగేవాళ్లు. విత్తనాలు వేసే అదనులో మనిషి మంచం పట్టేవాడు. 1980ల్లో ప్రభుత్వం పట్టుబట్టి దిగుడు బావులను చేదబావులుగా మార్చడం, బోరింగులు వేయడం, బట్టతో వడకట్టడం నేర్పడం చేసింది. మన దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో వచ్చింది. 2000 ఫిబ్రవరిలో దేశాన్ని నారికురుపు లేనిదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మందూ లేదు, టీకా లేదు. కేవలం నీళ్ల దగ్గర మనిషి కాలు ఆపడం వల్ల ఒక రోగం పోయింది. మెట్ల బావి అందాన్ని పొగిడేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఇంకో సంగతి. ఆ బావుల దగ్గర అందరూ ఒక్కటి కాదు. ఏ వాడకు ఏ బావి అన్నది పుట్టుకతో తేలేది. ఒకరు చేది పోస్తే ఇంకొకరు దూరం నుంచి దోసిలి పట్టే రోజులు మన తాతల కాలం దాకా ఉన్నాయి. అంబేద్కర్ మహాడ్‌లో చౌదార్ చెరువు నీరు తాగడానికి సత్యాగ్రహం చేసింది 1927 మార్చి 20న. మన బడిలో కుండ ఒక్కటే ఉండేది, గ్లాసు ఒక్కటే ఉండేది. అది మన ఉపాధ్యాయులు చేసిన పని. వాళ్లు దాని గురించి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.

బోరింగు వచ్చినప్పుడు ఊళ్లకు నిజంగా పండుగే. మూత ఉన్న నీరు, శుభ్రమైన నీరు, అందరికీ ఒకటే చేతిపిడి. ఆ తర్వాత కరెంటు మోటారు వచ్చింది, బోరు బండి వచ్చింది. బావి తవ్వడానికి రెండు ఎండకాలాలు పడితే బోరు ఒక రాత్రిలో దిగిపోయేది. 1980ల నుంచి 2000ల దాకా మన వైపు జరిగిన కథ ఇది. మొదట బావిలోనే అడుగున బోరు వేశారు. తర్వాత బావి పక్కన వేశారు. ఆ తర్వాత బావితో పని లేకుండా వేశారు. పది, ఇరవై మీటర్ల మొరం పొర ఎండిపోయింది. నీరు దాని కింది రాతి పగుళ్లలోకి దిగింది, బోరు దాని వెంట వంద మీటర్లు, రెండు వందల మీటర్లు దిగింది. రాతి పగులు అనేది పెద్ద తొట్టి కాదు, సన్నని గొట్టం. పైన మొరం తొట్టి నిండితేనే గొట్టంలోకి నీరు. పై తొట్టిని ఖాళీ చేసి కింది గొట్టాన్ని ఎంత లోతుగా పొడిచినా వచ్చేది దుమ్మే.

బోరు ఎండితే ఇంకో బోరు, దానికి అప్పు. జనగామ వైపు ఎన్ని కుటుంబాలు ఈ లెక్కలో మునిగాయో మన తరగతి మిత్రుల పేర్లు తలుచుకుంటేనే తెలుస్తుంది. పేర్లు రాయను. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. వాల్టా అని అందరికీ తెలిసిన పేరు. బోరుకు అనుమతి ఉండాలని, దగ్గర దగ్గరగా వేయకూడదని అందులో ఉంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఇచ్చారు. రైతుకు అది కావలసిందే. కానీ చట్టం ఒక వైపు లాగుతుంటే కరెంటు ఇంకో వైపు లాగింది, తాడు ఎటు పోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఊట ఆగిపోవడానికి బోరు ఒక్కటే కారణం అనడం న్యాయం కాదు. అంతకు ముందే కుంటలు తెగిపోయాయి. నీరటి మేర ఆగిపోయింది. శిఖం భూముల్లో పంటలు వచ్చాయి. ఎగువ నుంచి నీరు తెచ్చే కట్టుకాలువలు బాటలయ్యాయి, కొన్నిచోట్ల ప్లాట్లయ్యాయి. చెరువులో పూడిక పేరుకుంది. మన ఊళ్లలో చెరువు కట్ట మీద బతుకమ్మ ఆడుతుంటే చెరువులో తుమ్మచెట్లు కనిపించిన సంవత్సరాలు నాకు గుర్తున్నాయి.

2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46,531 చెరువులూ కుంటలూ లెక్క తేల్చి, ఏటా ఐదో వంతు చొప్పున బాగు చేయాలని పెట్టుకున్నారు. గోదావరి, కృష్ణా పరీవాహకాల్లో చిన్న నీటి వనరులకు ఉన్న వాటా సుమారు 265 టీఎంసీలు. ఆ నీరు నిలపగలిగే జాగా మళ్లీ తయారు చేయడం ఉద్దేశం. ఇంజినీరుగా నా అంచనా చెబుతాను. పూడికతీత బాగా జరిగింది, ఎందుకంటే మట్టికి గిరాకీ ఉంది. రైతులు సొంత ట్రాక్టర్లతో చెలకలకు తోలుకున్నారు, ఆ ఏళ్లలో ఎరువు ఖర్చు తగ్గిందని చెప్పినవాళ్లు ఎందరో. తూములు, మత్తళ్లు గట్టిపడ్డాయి. వెనకబడింది కట్టుకాలువలు. కాలువ తవ్వితే ఎవరి మడీ సారవంతం కాదు, పైగా ఎవరో ఒకరి ఆక్రమణ తీయాలి. అందుకని చాలాచోట్ల చెరువు లోతయింది, దానిలోకి నీరు వచ్చే దారి మాత్రం అట్లాగే ఉండిపోయింది.

మన అదృష్టం ఏమిటంటే అదే కాలంలో గోదావరి వచ్చింది. ఏటూరునాగారం దగ్గర గంగారం నుంచి నీరెత్తే దేవాదుల పథకం ఇది, జె. చొక్కారావు పేరు పెట్టారు. సముద్ర మట్టానికి 71 మీటర్ల ఎత్తు నుంచి 540 మీటర్ల ఎత్తు దాకా, మెట్లు మెట్లుగా పంపుల మీద నీరు పైకి వస్తుంది. ధర్మసాగరం మీదుగా గండిరామారం, బొమ్మకూరు వంటి రిజర్వాయర్లు నిండి, అక్కడి నుంచి కుంటలు నింపితే, చాలా ఏళ్లుగా కప్ప కూడా లేని బావుల్లో నీరు కనిపించింది. ఈ సంగతి జాగ్రత్తగా గమనించాలి. గోదావరి నీరు బావిలోకి ఎవరూ పోయలేదు. కుంటలో పోశారు, బావిలో తేలింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి గొట్టాలు ఇంకా పని చేస్తున్నాయన్న మాట.

తాగునీటికి మిషన్ భగీరథ వచ్చింది. 2016 ఆగస్టు 7న మనకు దూరం కాని గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని ప్రారంభించారు. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు లెక్క. నదీ జలం కాబట్టి ఫ్లోరైడు బాధ లేదు. బోరు ఎంత లోతుకు పోతే రాతిలోని ఫ్లోరైడు అంత ఎక్కువ వచ్చే ప్రమాదం ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. పక్క నల్గొండలో అది మనుషుల ఎముకలను ఏం చేసిందో చూసినవాళ్లం. అందుకని తాగడానికి నల్లా నీరు వదిలి పాత బావికి పోదామని నేను ఎవరికీ చెప్పను.

మరి బావి ఎందుకు? లెక్క వేద్దాం. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. రెండు వేల జనాభా ఉన్న ఊరికి మనిషికి 100 లీటర్ల చొప్పున రోజుకు రెండు లక్షల లీటర్లు, అంటే ఐదు ఎకరాల మీద ఒక సెంటీమీటరు వాన. సంవత్సరానికి 7 కోట్ల 30 లక్షల లీటర్లు. 18 ఎకరాల కుంటలో మీటరు లోతు నీరు ఉంటే అంతే అవుతుంది. కానీ మన ఎండలకు కుంటలో ఏడాదికి మీటరున్నరకు తక్కువ కాకుండా ఆవిరై పోతుంది. మొరం పొరలోకి ఇంకిన నీటికి ఆ నష్టం లేదు. పాతవాళ్లు కుంటను ట్యాంకుగా కాక, ఇంకుడు తొట్టిగానే ఎక్కువ వాడారని నా నమ్మకం. నిల్వ భూమిలో ఉండేది, బావి దాని నల్లా. పైపులైను ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల పగిలి మూడు రోజులు నీరు రాకపోతే ఊరికి మిగిలేది ఆ బావే. గత ఏళ్లలో ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టిన వాడల్లో చేదబావి బాగున్న వాడకు ఆ బాధ తక్కువగా ఉండటం మనమంతా చూశాం. పశువులకు, బట్టలకు, తోటకు శుద్ధి చేసిన గోదావరి నీరు వాడటం కూడా దండగే.

ఊటను నమ్ముకుని ఇప్పటికీ తాగుతున్న చోట్లున్నాయి. పాడేరు, అరకు కొండ గ్రామాల్లో ఊరికి పైన గుట్టలో ఊట ఉంటుంది. దాని చుట్టూ రాతి, సిమెంటు పెట్టె కట్టి, మూత వేసి, ఇసుక వడపోత పెట్టి, పైపు దించితే పంపు లేకుండా ఊళ్లో నల్లా పారుతుంది. కరెంటు బిల్లు లేదు. పైన కొండ మీద చెట్లు నరికితే మాత్రం ఎండకాలం ఊట సన్నగిల్లుతుంది. అందుకని ఇప్పుడు పెట్టెతో పాటు ఊట వెనక ఉన్న కొండను కూడా చూసుకోవాలని నేర్చుకున్నారు. హిమాలయాల్లో ఊటలు ఎండుతున్నాయని 2018లో నీతి ఆయోగ్ ఒక నివేదికే ఇచ్చింది. నగరంలో చూస్తే, సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావిని ఏళ్ల తరబడి చెత్తతో నింపేశారు. ఆ చెత్త తీసి, రాతి కట్టడం సరిచేసి 2022 డిసెంబరులో ప్రజలకు తెరిచారు. చెత్త తీశాక అడుగున ఊట ఉన్నట్టు తేలింది. అన్నేళ్ల చెత్త కింద అది పోలేదు.

మన చుట్టుపక్కల బావుల విషయంలో చేయగలిగింది పెద్ద ఖర్చు పని కాదు. వైశాఖంలో నీరు అడుగంటినప్పుడు మోటారు పెట్టి మిగిలింది తోడేయాలి. పూడిక, ప్లాస్టిక్ తీయాలి. ఊట కన్ను ఎటు ఉందో చూసి గుర్తు పెట్టుకోవాలి, ఆ వైపు సిమెంటు పూత వేయకూడదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే బావిని బాగు చేస్తున్నామనుకుని లోపలంతా ప్లాస్టరింగు చేసి ఊట మూసేసిన పనులు చూశాను. పైన మూడు మీటర్ల వరకే గట్టి గోడ, చుట్టూ గచ్చు, మురికి నీరు వెనక్కి రాకుండా కాలువ, మీద జాలీ. మెట్లుంటే చివరి మెట్ల దగ్గర అడ్డు. నీరు నిండాక బ్లీచింగు. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. బావి అడ్డుకొలతను అడ్డుకొలతతో గుణించి, దాన్ని లోతుతో, మళ్లీ 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి, కొలతలన్నీ మీటర్లలో. ఎనిమిదో తరగతిలో మన లెక్కల సారు స్తూపం ఘనపరిమాణం ఎందుకు నేర్పారా అనుకున్నవాళ్లకు ఇదీ జవాబు. ఫ్లోరైడు, నైట్రేటు పరీక్ష చేయించకుండా ఆ నీరు తాగకూడదు.

బావి కంటే ముందు చూడాల్సింది దాని పైనున్న కుంట, ఆ కుంటకు వచ్చే కట్టుకాలువ. ఊరి నక్షాలో కాలువ గీత ఉంటుంది, నేల మీద ఉండదు. ఎక్కడ మాయమైందో నడుస్తూ చూడటం ఒక రోజు పని. దానికి సర్వేయరు అక్కర్లేదు, తొలి వాన పడ్డ మర్నాడు నడిస్తే నీరే చూపిస్తుంది. ఎవరి పొలంలో మూసుకుపోయిందో వాళ్లతో కూర్చుని మాట్లాడటం మాత్రం ఇంజినీరు వల్ల అయ్యే పని కాదు. మనలో సర్పంచులుగా చేసినవాళ్లున్నారు, ఉపాధ్యాయులున్నారు, అందరికీ మామో బాబాయో వరసయ్యే వాళ్లున్నారు. ఆ పని వాళ్లది.

ఈసారి సమావేశానికి వచ్చే మిత్రులు తమ వాడలో, తమ పొలంలో ఉన్న పాత బావి ఎక్కడుందో, అందులో చివరిసారి నీరు ఎప్పుడు చూశారో, పూడ్చి ఉంటే ఏ ఏడాది పూడ్చారో ఒక కాగితం మీద రాసి తెస్తే చాలు. అవన్నీ ఒక నక్షా మీద పెట్టి చూస్తే ఊట దారి దానంతట అదే కనిపిస్తుంది. మే నెల మొదటి వారంలో నేను ఊళ్లోనే ఉంటాను. లోతు కొలిచే టేపు, దాని చివర కట్టే బరువు, ఫ్లోరైడు పరీక్ష పెట్టె తెస్తాను. పొద్దున్నే ఆరు గంటలకు బడి గేటు దగ్గర మొదలుపెడితే ఎండ ఎక్కేలోపు నాలుగైదు బావులు అవుతాయి.